బేస్‌బాల్‌తో లెక్కలు: మైదానంలోనా, స్కోరు పుస్తకంలోనా?

బేస్‌బాల్‌తో పిల్లలకు లెక్కలు నేర్పడానికి రెండు దారులున్నాయి. బ్యాటిచ్చి మైదానంలోకి దింపడం ఒకటి, పెన్సిలిచ్చి స్కోరు రాయించడం రెండోది.

మైదానంలో బాగా పట్టుబడేది కొలతలూ ఆకారాలూ. నాలుగు బేస్‌లు (బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన గుర్తులు) కలిపితే వచ్చే ఆకారాన్ని డైమండ్ అంటారు గానీ అది నిక్కమైన చతురస్రమే, ఓ మూల మీద నిలబెట్టారంతే. చిన్నపిల్లల లీగుల్లో బేస్‌ల మధ్య సాధారణంగా 60 అడుగులు, పెద్దల ఆటలో 90. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి ఎదురుమూలలోని సెకండ్ బేస్‌కు బంతి విసిరితే అది కర్ణం: పెద్దల మైదానంలో దాదాపు 127 అడుగులు. ముందు అంచనా కట్టించి, తర్వాత టేపుతో కొలిపించండి. అయితే ఆట వేడెక్కాక లెక్క ఎవరికీ గుర్తుండదు!

భిన్నాలు, దశాంశాలకు స్కోరు పుస్తకమే మేలు. 8 అట్-బ్యాట్లలో (లెక్కకొచ్చే బ్యాటింగ్ అవకాశాల్లో) 3 హిట్లు (బంతి కొట్టి బేస్ చేరడం) కొడితే సగటు 3/8, అంటే 0.375. వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడితే ఉచితంగా ఇచ్చే మొదటి బేస్) దొరికితే అది అట్-బ్యాట్‌గా లెక్కకు రాదు, పిల్లలు తప్పేది అక్కడే. ఇంకో చిక్కు: పిచర్ (బంతి విసిరేవాడు) 5.1 ఇన్నింగ్స్ వేశాడంటే ఐదూ, మూడింట ఒక వంతు అని, ఎందుకంటే ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు. దశాంశం వేషంలో ఉన్న భిన్నమన్నమాట.

సవరింపు (రౌండింగ్) నేర్పాలంటే 1941 సీజన్ చెప్పండి. చివరి రోజుకు ముందు అమెరికన్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ సగటు 0.39955, సవరిస్తే 0.400. ఆ రోజు ఆడకున్నా 0.400 దక్కేదే. అయినా ఆడాడు, 456 అట్-బ్యాట్లలో 185 హిట్లతో 0.406 దగ్గర ముగించాడు.

ఎనిమిదేళ్లలోపు వాళ్లకైతే నా ఓటు మైదానానికే. భాగహారం వచ్చాక పుస్తకం తెరవండి.