మెమరీ కార్డు కొనేటప్పుడు జాగ్రత్త బాబూ, మా దెయ్యం సినిమా క్లైమాక్స్ మొత్తం పోయింది

బెజవాడలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళెవరైనా ఉంటే ఇది చదవండి. బీసెంట్ రోడ్ పక్కన ఓ సందులో షాపు, పేరు చెప్పను, 128 జీబీ మెమరీ కార్డు 600కే ఇచ్చాడు. అంత తక్కువకి రాదని తెలుసు, అయినా "స్టాక్ క్లియరెన్స్ తమ్ముడూ" అనేసరికి పడిపోయాం, ఐదుగురం చందాలేసుకున్న 14 వేల సినిమా కదా, ప్రతి వందా లెక్కే మాకు. బిల్లడిగితే జీఎస్టీ పడుద్ది అన్నాడు, వద్దులే అన్నాం. తప్పు మాదే అది.

షూటింగ్ నూజివీడు అవతల, మావోడి తాతగారి మామిడితోటలో పాత పెంకుటింట్లో. కెమెరా అద్దె రోజుకి 1500. దెయ్యం మా బావ, అత్త తెల్లచీర కట్టి బీట్‌రూట్ రసంలో మైదా కలిపి మూతికి పూశాం, రాత్రి రెండింటికి తోట కాపలా తాత నిజం దెయ్యమనుకుని కర్రెత్తుకుని "ఎవుర్రా అది" అంటా పరిగెత్తుకొచ్చాడు, సినిమా మొత్తంలో అసలైన భయం ఆ ఒక్క షాట్లోనే ఉంది, అదీ పోయింది.

తెల్లారి లాప్‌టాప్‌లో పెడితే మొదటి 20 నిమిషాలు శుభ్రంగా ఉన్నాయి, ఆ తర్వాత ఫైళ్ళ పేర్లున్నాయి, సైజులున్నాయి, ఒక్కటీ ఓపెన్ అవ్వదు. మేం తీసింది 4కే వీడియో, 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 100 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి నిమిషానికి 750 ఎంబీ, 20 నిమిషాలకి 15 జీబీ. లెక్కేస్తే అర్థమైంది, లోపల ఉన్నది 16 జీబీయే, 128 అని కెమెరాకి అబద్ధం చెప్పేలా చేసి అమ్మారు. ఫైళ్ళ లిస్టు కార్డు మొదట్లో ఉంటది కాబట్టి పేర్లు కనపడతాయి, వీడియో మాత్రం ఎక్కడా రాయలేదు, అందుకే పోయిన ఫైళ్ళు తీసిచ్చే రికవరీ వాడు కూడా చేతులెత్తేశాడు. కార్డు మీద వీ30 అని వీడియో స్పీడు గుర్తు ఉందిగా అనుకోకండి, స్టిక్కరెవడైనా వేస్తాడు, కెమెరాలో ఫార్మాట్ చేసినా ఈ మోసం దొరకదు.

కొన్న రోజే ఖాళీ కార్డు లాప్‌టాప్‌లో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటది, అది రన్ చేయండి, మ్యాక్, లినక్స్ వాళ్ళకి ఎఫ్3. కార్డు నిండా రాసి మళ్ళీ చదివి చూసుద్ది, గంటా రెండు గంటలు పట్టుద్ది, పట్టనీండి. ఇంకోటి, కార్డు ఒక్కటే పెట్టుకుని రాత్రంతా తీయకండి, సీనుకోసారి లాప్‌టాప్‌లోకి లాగండి. మేం ఛార్జింగ్ అయిపోద్దని లాప్‌టాపే తీసుకెళ్ళలేదు.

షాపుకెళ్తే "వీడియోలతో మాకేం సంబంధం" అని ఇంకో కార్డు చేతిలో పెట్టాడు, ఇంటికొచ్చి టెస్ట్ చేస్తే అదీ అదే సరుకు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి చేద్దామంటే చేతిలో బిల్లు లేదు, కనీసం ఫోన్‌పే కూడా చేయలేదు, క్యాష్ ఇచ్చాం.

సరే రీషూట్ చేద్దాం అనుకుంటే, మా హీరో ఈలోపు తిరుపతెళ్ళి గుండు కొట్టించుకొచ్చాడు. ముందు సీన్లలో వాడికి భుజాల దాకా జుట్టు.