ట్యామియా 1/48 స్పిట్‌ఫైర్ మార్క్ 1 కిట్ రివ్యూ: మన హైదరాబాద్ పేరున్న విమానం కట్టుకున్నా

ప్లాస్టిక్ విమాన మోడల్స్ కట్టేవాళ్లు ఇద్దరు కూర్చుంటే కాసేపటికి వచ్చే ప్రశ్న ఒకటే, ఇన్ని కట్టావు కదా, వీటిల్లో నీకు బాగా గర్వంగా అనిపించేది ఏది అని. వైజాగ్‌లో ఉండే మా ఫ్రెండ్ ఒక్క సెకను ఆలోచించకుండా 1/144లో, అంటే అసలు సైజులో 144వ వంతుగా, కట్టిన టీయూ-142 నేవీ నిఘా విమానం అంటాడు, ఆర్కే బీచ్ దగ్గర మ్యూజియంగా పెట్టిన ఆ పెద్ద విమానం చుట్టూ ఎన్నిసార్లు తిరిగి ఫొటోలు తీసుకున్నాడో లెక్కే లేదు. నేను మాత్రం ఇన్నేళ్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు నాకూ ఒకటుంది, జపాన్ కంపెనీ ట్యామియా వాళ్లు 2018లో పూర్తిగా కొత్త అచ్చుతో తెచ్చిన 1/48 స్పిట్‌ఫైర్ మార్క్ 1, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం, కిట్ నంబర్ 61119. పోయిన నెలే పూర్తయింది, అందుకే ఈ రివ్యూ.

కిట్ గురించి చెప్పేముందు ఒక ముక్క చెప్పాలి, లేకపోతే ఈ మోడల్ నాకు ఎందుకింత ముఖ్యమో అర్థం కాదు. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో నంబర్ 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ అని ఒక విమాన దళం ఉండేది. అవును, మన హైదరాబాదే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బు వల్ల వచ్చిన పేరది. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్-9ఏ బాంబర్ విమానాలు కూడా ఆయన డబ్బుతోనే వచ్చాయి, దాని పేరులోనూ హైదరాబాద్ ఉంది. ఈ 152 వాళ్ల బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉంటుంది, కింద నమ్మకమైన మిత్రుడు అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. 1939 అక్టోబర్‌లో గ్లాడియేటర్ బైప్లేన్లతో (రెండంతస్తుల రెక్కల విమానాలు) మళ్లీ మొదలై, 1940 మొదట్లో స్పిట్‌ఫైర్లకి మారి, ఆ జులైలో ఇంగ్లండ్ దక్షిణాన డార్సెట్‌లో ఉన్న వార్మ్‌వెల్‌కి వెళ్లి, బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో, అంటే 1940లో జర్మనీ విమానాలతో జరిగిన గగన యుద్ధంలో, అక్కణ్ణించే ఎగిరారు. నేను పుట్టి పెరిగింది అల్వాల్‌లో, హకీంపేట నుంచి లేచే కిరణ్ ట్రైనర్లని డాబా మీద నిలబడి చూస్తూ పెరిగా, అయినా ఈ సంగతి నాకు ముప్పై దాటాకే తెలిసింది. తెలిసిన రోజే డిసైడ్ అయిపోయా, కడితే ఆ స్క్వాడ్రన్ విమానమే కట్టాలని.

ఇక కిట్. ట్యామియా వాళ్లదే 1990ల్లో వచ్చిన పాత 1/48 స్పిట్‌ఫైర్ మా కజిన్ దగ్గర ఉంది, దానికీ దీనికీ పోలికే లేదు. ఆ రెక్క షేప్ చూడండి ముందు, స్పిట్‌ఫైర్ అంటేనే ఆ కోడిగుడ్డు అంచులాంటి రెక్క కదా, వెనక అంచు ఎంత పల్చగా వచ్చిందంటే నేను శాండ్‌పేపర్ పట్టుకుని రెడీగా కూర్చున్నా కానీ దాని అవసరమే రాలేదు. రెక్కల్ని బాడీకి పెట్టేచోట డ్రై ఫిట్ చేస్తే, అంటే జిగురు లేకుండా పెట్టి చూస్తే, టక్కుమని కూర్చుంది, పచ్చమూత ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ బ్రష్‌తో అలా తాకిస్తే జాయింట్ మొత్తం అదే పీల్చుకుంది, సందులు పూడ్చే పుట్టీ డబ్బా మూత కూడా తియ్యలేదు నేను. రెక్కకి రెక్క 23 సెంటీమీటర్ల పైన వస్తుంది, ముక్కు నుంచి తోక దాకా 19, అంటే మామూలు షోకేస్ అరలో హాయిగా సరిపోతుంది. కాక్‌పిట్ కోసం సన్నటి మెటల్ పార్ట్స్ ఇచ్చారు, సీట్ బెల్టులు వాటితోనే. ఆ బెల్టులు వంచడానికి నాకు ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది, ఒక చిన్న ముక్క ట్వీజర్‌లోంచి ఎగిరిపోయి ఇప్పటికీ దొరకలేదు, అది నా చెయ్యి వణకడమే తప్ప కిట్ తప్పేం కాదు. మీరు చేసేటప్పుడు కింద తెల్ల దుప్పటి పరుచుకోండి. ఇంజిన్ ఇవ్వలేదు, బానెట్ తెరిచి లోపలి మెర్లిన్ ఇంజిన్ చూపించాలనుకునేవాళ్లకి ఇది కాదు.

నాకు అసలు పని పెయింట్ దగ్గర పడింది. పైన డార్క్ గ్రీన్, డార్క్ ఎర్త్ అనే బ్రౌన్, కింద స్కై అనే లేత ఆకుపచ్చ. ఈ గ్రీన్, బ్రౌన్ ప్యాటర్న్ ఆ రోజుల్లో రెండు రకాలు, అద్దంలో చూసినట్టు ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి, విమానం సీరియల్ నంబర్ సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టి ఏది వెయ్యాలో ఉండేది. కాబట్టి ముందు సీరియల్ తేల్చుకోండి, తర్వాతే మాస్కింగ్, అంటే రంగు పడకూడని చోట కప్పడం. నేను బ్లూ టాక్‌ని (జిగురు ముద్ద) సన్నగా తాళ్లలా చేసి అంచులకి పెట్టి లోపల టేప్ వేశా, అంచు కొద్దిగా మెత్తగా వచ్చింది, నాకు కావాల్సిందీ అదే. కింది రంగు విషయంలో 1940 వేసవిలో స్కై పెయింట్ దొరక్క స్క్వాడ్రన్లు ఉన్నదాంతో కలుపుకుని వేసుకున్నారు, అందుకే ఫొటోల్లో షేడ్లు తేడాగా కనిపిస్తాయి, మీది కొంచెం అటూ ఇటూ అయినా కంగారు పడకండి.

తప్పు మాత్రం నేను జులైలో చేశా. వాన పడుతుండగా బాల్కనీలో లాకర్ గ్లాస్ కోట్, అంటే మెరుపు కోసం వేసే పారదర్శకమైన పూత, కొట్టా, పది నిమిషాల్లో రెక్క మొత్తం పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. మూడు నెలల పని అంతా పోయిందనుకుని ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. గాల్లో తేమ ఎక్కువుంటే లాకర్‌కి ఇలా అవుతుంది. రెండు రోజులాగి ఎండ వచ్చాక ఒట్టి లెవెలింగ్ థిన్నర్‌ని (లాకర్‌ని పల్చబరిచే ద్రవం) పల్చగా, దూరం నుంచి, రెండు సార్లు స్ప్రే చేస్తే తెలుపు విడిపోయి రంగు మళ్లీ బయటికి వచ్చింది. మన దగ్గర వానాకాలంలో కట్టేవాళ్లందరూ ఇది గుర్తుపెట్టుకోండి.

డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల విషయానికొస్తే, బాక్స్‌లో 152 వాళ్ల మార్కింగ్స్ లేవు. విమానం బాడీ మీద రాసే వాళ్ల కోడ్ అక్షరాలు యూ, ఎం. గ్రే రంగు అక్షరాల షీట్ విడిగా తెప్పించుకున్నా, మొదటిసారి ఆర్డర్ పెట్టిన షాపు వాడు సైజు తప్పు పంపించాడు, రెండోసారి వేరేచోట తీసుకున్నా. మెరుపు పూత బాగా ఆరాక డెకాల్‌ని మెత్తబరిచే సాఫ్టర్ వేస్తే అక్షరాలు పానెల్ లైన్ల గాళ్లలోకి దిగిపోయాయి. గన్ల మూతుల మీద ఎర్ర గుడ్డ ప్యాచ్‌లు కూడా వేశా. పూర్తయ్యాక నాన్నకి చూపిస్తే కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూసి, ఇందులో హైదరాబాద్ అని ఎక్కడరా రాసుంది అన్నారు. నిజమే, ఎక్కడా లేదు. మర్నాడే టేకు ముక్క మీద తెలుగులో నేమ్ ప్లేట్ చేయించా, 152 హైదరాబాద్ స్క్వాడ్రన్, వార్మ్‌వెల్, 1940 అని. ఇప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అక్కడ ఆగి అడుగుతున్నారు, నాన్నే కథంతా చెప్తున్నారు.

కొనాలా అంటే, ఇంతకుముందు రెండు మూడు కిట్లు కట్టి ఎయిర్‌బ్రష్ అలవాటైనవాళ్లు కళ్లు మూసుకుని కొనండి. మొదటిసారి అయితే 1/72లో చవకది ఏదైనా ఒకటి కట్టి రండి, ఫిట్టింగ్ కష్టమని కాదు, ఇది పాడైతే మనసు ఒప్పదు. నాకు షిప్పింగ్, కస్టమ్స్ అన్నీ కలిపి ఆరు వేల దాకా అయింది, ప్రతి రూపాయికీ విలువ వచ్చింది.

ఇదే స్క్వాడ్రన్ తర్వాత బర్మా వైపు వెళ్లి మార్క్ 8 స్పిట్‌ఫైర్లు నడిపింది, వాటి బాడీ మీద దూకుతున్న నల్ల పాంథర్ బొమ్మ ఉండేది. ఎడ్వార్డ్ కంపెనీ మార్క్ 8 కిట్ బాక్స్ ఆల్రెడీ తెచ్చి పెట్టుకున్నా. పాంథర్‌ని బ్రష్‌తో వెయ్యాలా, స్టెన్సిల్ కోసి స్ప్రే చెయ్యాలా తేలడం లేదు, ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.