ఎన్‌క్లెక్స్-పీఎన్ ప్రశ్నల యాప్: ఎనిమిది నెలలు వాడాక

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఆరేళ్లుగా చెన్నైలో వార్డు డ్యూటీ చేస్తున్నాను. ఐవీ పెట్టడం నుంచి డిశ్చార్జి సలహాల దాకా అన్నీ నా చేతి మీదుగా పోయినవే, అమెరికా ప్రాక్టికల్ నర్సు పరీక్ష ఎన్‌క్లెక్స్-పీఎన్‌కి ఇక కొత్తగా చదివేదేముంది అనుకుంటూనే ఈ యాప్ కొన్నాను. మొదటి టెస్టులో 41 శాతం వచ్చింది.

నన్ను ముంచింది ఆ వార్డు అనుభవమే. షుగర్ కొత్తగా బయటపడ్డ పేషెంటుకి ఇన్సులిన్ వేసుకోవడం మొదటిసారి నేర్పేదెవరు? మా వార్డులో ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్లు. అమెరికాలో అది ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) పని. ఆర్ఎన్ నేర్పినదాన్ని ఎల్‌పీఎన్ (ప్రాక్టికల్ నర్సు) మళ్లీ గుర్తుచేయాలి, పేషెంటు సరిగ్గా చేస్తున్నాడో లేదో చూసి ఆర్ఎన్‌కి చెప్పాలి. ఈ గీత ఎక్కడుందో నాకు పట్టిచ్చింది ఈ యాప్‌లోని వివరణలే. సరైన జవాబు చెప్పి ఊరుకోకుండా, మిగతా మూడూ ఎందుకు కావో విడివిడిగా రాస్తారు. నా డబ్బు అక్కడే వసూలైంది.

డిగాక్సిన్ అనే గుండె మందు ప్రశ్న మాత్రం మూడుసార్లు తప్పాను. మాత్ర ఇచ్చేముందు స్టెత్ ఛాతీ మీద పెట్టి నిమిషం నిండా గుండె చప్పుడు లెక్కపెట్టాలి, పెద్దవాళ్లకి 60 కంటే తక్కువుంటే ఆపి డాక్టరుకి చెప్పాలి. కాలేజీలో చదివిందే. కానీ రద్దీలో మణికట్టు పట్టుకుని పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించేయడం అలవాటైపోయింది. ఒక నైట్ డ్యూటీలో నిమిషం నిండా వింటూ నిలబడితే మా సీనియర్ అక్క, చిత్తూరావిడ, "ఏమ్మే, నాడి చూస్తా ఉండావా, నిద్రపోతా ఉండావా?" అంది. ఆ పూట 72 వచ్చింది. అలవాటు మాత్రం మారింది.

మందుల పేర్లతో ఇంకో తంటా. మన పారాసెటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. యాప్‌లో దీనికి పట్టిక లేదు. నోటుబుక్కు చివరి పేజీల్లో నేనే రాసుకుని, క్రోంపేట నుంచి నుంగంబాక్కం దాకా లోకల్ ట్రైన్లో బట్టీ పట్టాను. నిలబడే లెండి, సీటు ఎక్కడిది!

ఇక విసుగు తెప్పించినవి. 2023 ఏప్రిల్ నుంచి పరీక్షలో కేస్ స్టడీలు వచ్చాయి, ఒకే పేషెంటు మీద ఆరు ప్రశ్నలు. ఫోన్లో నర్సు నోట్సు ఒక ట్యాబు, ల్యాబ్ రిపోర్టు ఇంకో ట్యాబు, అటూ ఇటూ జరిపేసరికి మొదట చదివింది మర్చిపోతాం. వీటికి ల్యాప్‌టాప్ ఉండాల్సిందే. ఇంకొకటి, వర్తించేవన్నీ ఎంచుకోమనే ప్రశ్నలకి అసలు పరీక్షలో ఒప్పుకి ఒక మార్కు కలుపుతారు, తప్పుకి ఒకటి తీస్తారు, సున్నా కంటే కిందికి పోదు. యాప్‌లో ఒక విభాగం ఇంకా పాత పద్ధతిలోనే ఉంది, ఒక్కటి తప్పినా మొత్తం సున్నా. యాప్ వాళ్లకి రెండుసార్లు రాశాను. "మీ సూచనకు ధన్యవాదాలు" అని జవాబొచ్చింది, అంతే.

పూర్తి నిడివి మాక్ టెస్టు ఒక్కసారైనా కూర్చుని రాయండి. అసలు పరీక్ష 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు. వీక్లీ ఆఫ్ రోజు రాస్తే నాకు వందో ప్రశ్న దాటాక బుర్ర మొద్దుబారిపోయింది.

కొనడానికి తొందరపడకండి. నేను కాగితాలు పంపిన రోజే ఆరు నెలలకి డాలర్లలో కట్టేశాను. పరీక్ష రాయడానికి అనుమతి వచ్చేసరికి గడువు అయిపోయింది. తర్వాత రెండుసార్లు పొడిగించాను, ఈసారి నెలకి నెల చొప్పున.