పసుపు ఫాగ్ లైట్లు: కొన్ని చలికాలాలు వాడాక

ఒంగోలు నుంచి నెల్లూరుకి తెల్లవారుజామున బయల్దేరే వాళ్లకి జనవరి మంచు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సింగరాయకొండ దాటి ఉలవపాడు వైపు పోతుంటే ఉన్నట్టుండి రోడ్డు మాయమైపోతుంది. ఆ టెన్షన్ పడలేకే బంపర్‌లో పసుపు ఫాగ్ లైట్లు వేయించా.

వీటితో దూరం కనపడదు. రోడ్డు అంచు గీత, డివైడర్ అడుగు భాగం, ముందు కొన్ని గజాల తారు కనపడతాయి, అంతే. కానీ మంచులో కావాల్సింది అదే. హైబీమ్ వేస్తే వెలుతురు మంచుకి తగిలి మన కళ్లలోకే కొడుతుంది. ఇవి కిందుంటాయి, వెలుతురు వెడల్పుగా, నేలబారుగా పడుతుంది. పసుపు రంగు మంచుని చీల్చేస్తుందని షాపుల్లో చెప్తారు, నమ్మకండి. మంచు బిందువుల ముందు ఏ రంగైనా దాదాపు ఒకటే. నా కళ్లకి పసుపు కాస్త హాయిగా ఉంటుంది, ఆ మేరకే.

బిగించినవాళ్లు బీమ్ ఎత్తుగా పెట్టి వదిలేశారు. ఎదురొచ్చే ప్రతివాడూ డిప్పర్ కొట్టేవాడు. రాత్రిపూట గోడ ముందు కారు నిలబెట్టి, వెలుతురు పై అంచు లైటు ఎత్తుకన్నా కిందికి దిగేదాకా స్క్రూ తిప్పించాకే సుఖపడ్డా. నవంబరు తుపాను వానలకి ఎడమ లైటులోకి నీళ్లు దిగి గాజు లోపల ఆవిరి పట్టింది. సీలు మళ్లీ వేయించాల్సొచ్చింది. లైట్ల కరెంటు భారం స్విచ్ మీద పడకుండా చూసే రిలే, దాంతోపాటు ఫ్యూజు మాత్రం తప్పకుండా పెట్టించుకోండి.

ఇంకో మాట. చాలాసార్లు కనపడకపోవడానికి బయటి మంచు కాదు, మన అద్దమే కారణం. కారు నిండా మనుషులుంటే ఊపిరికే లోపల ఆవిరి పడుతుంది. ఏసీ వేసి, గాలి అద్దం మీదికి తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెడితే పోతుంది. తడి బయట పడితే వైపర్ వేసి, ఏసీ చల్లదనం తగ్గించాలి.

టెయిల్ లైటు లేకుండా పక్కన ఆపిన లారీ ముందు ఏ లైటూ పనిచేయదు. భోగి పొద్దున ఊళ్ల దగ్గర మంటల పొగ కూడా కలుస్తుంది. అప్పుడు నలభై స్పీడు కూడా ఎక్కువే. నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వేసుకోవడం మాత్రం వద్దు, ఎటు తిరుగుతామో వెనకవాడికి తెలియదు. వెనక ఎర్ర ఫాగ్ లైటు ఉంటే అది వేయండి. కావలి దగ్గర మంచు విడిపోగానే ఆపేయండి, లేకపోతే వెనకొచ్చేవాడు నెల్లూరు దాకా హారన్ కొడుతూనే ఉంటాడు.