అడిగినప్పుడల్లా భరోసా ఇవ్వడమా, మెల్లగా తగ్గించడమా?

"తాళం వేశానా?" అని ఇంట్లో మనిషి పదోసారి అడుగుతారు. ఇది ఓసీడీ (వద్దన్నా వచ్చే భయాలు, వాటిని పోగొట్టుకోవడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు) అని మనం చెప్తే ఒప్పుకోరు, "నాది జాగ్రత్త" అంటారు. అప్పుడు మన ముందు రెండు దారులుంటాయి.

ఒకటి, అడిగినట్టల్లా చేసిపెట్టడం. "వేశావులే" అంటాం, వెళ్లి చూసొస్తాం, వాళ్లు చెప్పినన్నిసార్లు చేతులు కడుక్కుంటాం. గొడవ ఉండదు. ప్రేమతోనే చేస్తాం కాబట్టి దీన్ని నేను తప్పుపట్టలేను. కానీ ఆ ఊరట నిలవదు. భరోసా దొరికిన ప్రతిసారీ, అడిగితేనే భయం పోతుందని మెదడు నేర్చుకుంటుంది. పదిసార్లు ఇరవై అవుతాయి. చివరికి ఇల్లంతా ఆ భయం పెట్టిన నియమాల ప్రకారమే నడుస్తుంది.

రెండోది, ఒక్కో సాయాన్నీ తగ్గించుకుంటూ రావడం. మొదట్లో కోపం, కన్నీళ్లు పెరగొచ్చు. అందుకే చెప్పాపెట్టకుండా మానేయకూడదు. వాళ్లు నెమ్మదిగా ఉన్నప్పుడు ముందే చెప్పాలి: "నీ భయం ఎంత కష్టమో తెలుసు. రేపటి నుంచి ఒక్కసారే జవాబు చెప్తాను." తర్వాత ఆ మాట మీద నిలబడాలి, విసుక్కోకుండా. ఇందులో నాకు నచ్చింది ఒకటుంది: వాళ్లు జబ్బును ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేదు, మారేది మన ప్రవర్తన. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో, ఆందోళన, ఓసీడీ ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం రూపొందిన 'స్పేస్' పద్ధతికి మూలం ఇదే.

నా మొగ్గు రెండోదానికే. జబ్బు పేరు మీద వాదన పెట్టుకోను. "నిద్ర సరిగ్గా పట్టట్లేదు కదా, డాక్టర్ని కలుద్దామా?" అంటే వినే అవకాశం ఎక్కువ. చనిపోవాలనుందని అంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే వైద్య సాయం తీసుకోవాలి.