రొయ్యకు ఏది మేలు: ముందస్తు ఒప్పందమా, పూర్తి ఒప్పందమా?

ఇందుకూరుపేట రొయ్యకైనా, చీమకుర్తి గ్రానైట్‌కైనా ప్రశ్న ఒకటే: సుంకాలు తగ్గించుకోవడానికి మరో దేశంతో చేసుకునే వాణిజ్య ఒప్పందంలో కొద్ది సరుకులతో త్వరగా ఒప్పుకోవాలా (ముందస్తు ఒప్పందం), అన్నీ తేలేదాకా ఆగాలా (పూర్తి ఒప్పందం)?

సమయం: ముందస్తుది తొందరగా తేలుతుంది. పూర్తిదానికి ఏళ్లు పడుతుంది: బ్రిటన్‌తో చర్చలు 2022 జనవరిలో మొదలైతే, 2025 జూలై 24న సంతకమైంది.

ముప్పు: థాయిలాండ్‌తో 2004లో 82 సరుకులకు సుంకాల తగ్గింపు మొదలైంది. ఇద్దరి మధ్య పూర్తి ఒప్పందం మాత్రం కుదరలేదు. కావలసింది ముందే ఇచ్చేస్తే బేరానికి ఏం మిగులుతుంది?

తనిఖీలు: అసలు చిక్కు ఇక్కడే. సుంకం సున్నా అయినా, యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే కంటైనర్ వెనక్కే. ఐరోపా సమాఖ్య 2016లో మన రొయ్యల పరీక్షలను 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఈ తనిఖీల మీద గట్టిగా రాయించుకునే వీలు పూర్తి ఒప్పందంలోనే ఎక్కువ.

కాగితాలు: సరుకు మన దేశానిదేనని చూపే మూల రుజువు రెండింటికీ తప్పదు.

పోటీదేశానికి ఇప్పటికే సుంకం లేకపోతే ముందస్తుదే మేలు. తనిఖీలే అడ్డయితే ఆగాల్సిందే.