బీరు లైసెన్సు పేరుతో మా క్రికెట్ క్లబ్బుకు 961 పౌండ్లు పోయాయి, మీరు కట్టే ముందు చూసుకోండి

ఇంగ్లండ్‌లో వీకెండ్ క్రికెట్ క్లబ్బులు నడుపుతున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. శనివారం మ్యాచ్ అయ్యాక పెవిలియన్‌లో నాలుగు బీర్లు అమ్ముకుంటే నెట్స్ ఖర్చయినా వస్తుంది కదా అన్న మాట మీ కమిటీలో కూడా వచ్చే ఉంటుంది. మాకూ వచ్చింది. క్లబ్బు లెక్కలు చూసేది నేనే కాబట్టి తప్పు నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

లైసెన్సు ఎలా తీసుకోవాలా అని లంచ్ టైమ్‌లో ఫోన్‌లో వెతికి, మొదట కనిపించిన సైట్ తెరిచాను. రాజముద్ర లాంటి బొమ్మ, పోస్ట్‌కోడ్ అడిగే పెట్టె. లైసెన్సు ఇచ్చే లోకల్ కౌన్సిల్‌దే అనుకున్నాను. పేరు చెప్పను గానీ, అది ప్రైవేటు ఏజెంట్లది. అడుగున బూడిదరంగు చిన్న అక్షరాల్లో ఆ ముక్క రాసే ఉంది, చదవనిది నేనే. 'పూర్తి ప్యాకేజీ' 450 పౌండ్లు అంటే లైసెన్సు ఫీజు అందులోనే ఉందనుకుని కార్డు నంబరు కొట్టేశాను. రెండు రోజులకు మెయిల్ వచ్చింది: కౌన్సిల్ ఫీజు 190 వేరే, లోకల్ పేపర్లో ప్రకటన వేరే. అగ్గిపెట్టెంత ప్రకటనకు 240 అయింది.

పేపర్లో ప్రకటన వేయాలన్నది నిజమే, నిబంధనల్లోనే ఉంది. గేటు దగ్గర 28 రోజులు నోటీసు అంటించాలన్నదీ నిజమే. వాళ్ళు పంపిన పీడీఎఫ్‌ను ఆఫీసు ప్రింటర్లో తెల్ల కాగితం మీద తీసి, రెండు గేట్లకూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి కట్టాను. పదకొండో రోజున కౌన్సిల్ లైసెన్సింగ్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. నోటీసు లేత నీలం కాగితం మీదే ఉండాలట, అక్షరాలు 16 సైజుకు తగ్గకూడదట. మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క. 450 తీసుకున్నవాళ్ళు ఈ ఒక్క మాట చెప్పలేదు.

అదే ఫోన్‌లో ఆవిడే అడిగింది: "మీది మెంబర్ల క్లబ్బు కదా, ప్రెమిసెస్ లైసెన్సుకు ఎందుకు పెట్టారు?" నాకు జవాబు తెలియలేదు. ప్రెమిసెస్ లైసెన్సు అంటే పబ్బుల్లాంటి చోట్లకు తీసుకునేది. దాని మీద మద్యం అమ్మాలంటే పర్సనల్ లైసెన్సు, అంటే మనిషి పేరు మీద ఇచ్చే లైసెన్సు, ఉన్న ఒక సూపర్‌వైజర్ పేరు ఇవ్వాలి. ఆ పర్సనల్ లైసెన్సుకు 37 పౌండ్లు, దానికి ముందు కోర్సు, పోలీసు రికార్డు సర్టిఫికెట్. ఆ కోర్సు కూడా మేమే ఇప్పిస్తాం, ఇంకో 200 కట్టండి అని ఏజెంటు. అప్పటికి గానీ నాకు వెలగలేదు.

మనలాంటి క్లబ్బులకు 2003 లైసెన్సింగ్ చట్టంలోనే వేరే దారి ఉంది, క్లబ్ ప్రెమిసెస్ సర్టిఫికెట్. కనీసం 25 మంది సభ్యులుండాలి, మద్యం కొనడం అమ్మడం సభ్యులు ఎన్నుకున్న కమిటీ చేతిలో ఉండాలి, కొత్తగా చేరేవాళ్ళకు దరఖాస్తుకూ సభ్యత్వానికీ మధ్య కనీసం రెండు రోజుల ఎడం ఉండాలి. ఈ మాటలు మీ క్లబ్ రూల్స్‌లో రాసి ఉండాలి. సూపర్‌వైజర్ అక్కర్లేదు, పర్సనల్ లైసెన్సూ అక్కర్లేదు. సభ్యులకూ, సభ్యుల వెంట వచ్చిన అతిథులకూ ఇవ్వొచ్చు. హాలు బయటివాళ్ళ బర్త్‌డే పార్టీకి అద్దెకిస్తే మాత్రం ఇది పనిచేయదు.

ఫీజు దగ్గరా నన్ను ముంచారు. లైసెన్సుకైనా సర్టిఫికెట్‌కైనా ఫీజు పెవిలియన్ రేటబుల్ వాల్యూని (బిజినెస్ రేట్స్ అనే ఆస్తి పన్ను కోసం ప్రభుత్వం కట్టిన విలువ) బట్టే ఉంటుంది. 4,300 పౌండ్లలోపు అయితే ఎ బ్యాండ్: దరఖాస్తుకు 100, ఏటా 70. ఆపైన 33,000 దాకా బి బ్యాండ్: 190, ఏటా 180. మాది 2,950. వాల్యుయేషన్ ఆఫీసు వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే అర నిమిషంలో కనిపించింది. ఏజెంటు చూడకుండానే బి అని రాసేశాడు. ఇంకో మాట, రాయితీ వల్ల మీరు బిజినెస్ రేట్స్ తక్కువ కడుతున్నా, అసలు కట్టకపోయినా, బ్యాండ్ చూసేది రేటబుల్ వాల్యూనే. ఏటా కట్టాల్సిన ఫీజు మరిచిపోతే లైసెన్సు సస్పెండ్ అవుతుంది, అదీ గుర్తుంచుకోండి.

ఆగస్టు బార్బెక్యూది ఇంకో కథ. దానికి టెంపరరీ ఈవెంట్ నోటీసు, అంటే ఆ ఒక్క ఈవెంట్ కోసం కౌన్సిల్‌కు ఇచ్చే నోటీసు, ఇస్తే చాలు, ఫీజు 21 పౌండ్లు, లోపల 499 మంది దాటకూడదు. కౌన్సిల్‌కు కనీసం 10 పనిదినాల ముందు అందాలి. నేను ఏజెంటుకు మూడు వారాల ముందే చెప్పి, సర్వీసుకని ఇంకో 60 కట్టాను. వాళ్ళు ఆరు పనిదినాలు మిగిలాక పంపారు. అంటే లేట్ నోటీసు. లేట్ నోటీసుకు పోలీసులు గానీ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్ళు గానీ అభ్యంతరం చెబితే ఇక విచారణ కూడా ఉండదు, అమ్మకం ఆగిపోయినట్టే. పాటల మోత గురించి అభ్యంతరం వచ్చింది, ఆగిపోయింది. "పోనీ టికెట్‌లో కలిపేసి బీరు ఫ్రీ అందాం" అన్నాడు మా కెప్టెన్. టికెట్ ధరలో కలిపినా అది అమ్మకమే, వద్దు అన్నాను. ఆ రోజు నిమ్మకాయ షర్బత్‌తో సరిపెట్టుకున్నాం.

ఏడాదికి నాలుగైదు ఈవెంట్లే ఉంటే మీకు సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. అయిదు నోటీసులకు 105 పౌండ్లు, పేపరు ప్రకటన గొడవ లేదు. పర్సనల్ లైసెన్సు లేని మనిషి ఏడాదికి ఇవ్వగలిగేది ఆ అయిదే. కౌన్సిల్ సైట్‌లో మీరే నింపొచ్చు, నాకు రెండోసారి పావుగంట పట్టింది. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్‌లో చట్టమే వేరు.

లెక్క చెప్పేస్తాను: 450, 190, 240, 60, 21. మా మ్యాచ్ ఫీజు పది పౌండ్లు, కాబట్టి దాదాపు తొమ్మిది మ్యాచ్‌లు జట్టంతా ఆడిన డబ్బు. దరఖాస్తు వెనక్కి తీసుకున్నాం, ఫీజు తిరిగి రాలేదు. ఏజెంటుకు మూడు మెయిళ్ళు పెట్టాను, 'పని మొదలైంది కాబట్టి రీఫండ్ లేదు' అన్న అదే జవాబు మూడుసార్లూ.

వచ్చే వారం క్లబ్ సర్టిఫికెట్‌కు మేమే సొంతంగా పెడుతున్నాం. లేత నీలం కాగితాలు వందది కట్ట కొన్నాను, ఇప్పటిదాకా రెండే వాడాం. దగ్గర్లో ఎవరికైనా కావాలంటే శనివారం గ్రౌండ్‌కు వచ్చి తీసుకెళ్ళండి.